బెంచీ మీద మా ఆయన

మా ఆయనకి ప్రమోషన్ రావాలని నేను గీదం నుంచి దంతేవాడ గుడి దాకా చెప్పుల్లేకుండా నడిచాను. పన్నెండు కిలోమీటర్లు. కొబ్బరికాయల సంచీ పట్టుకుని ఆయన కూడా నా పక్కనే నడిచాడు. దారిలో నా కాలికి ముల్లు గుచ్చుకుంటే రోడ్డు పక్కన కూర్చోబెట్టి తీశాడు. ఆ ప్రమోషన్ తనకి వద్దని అంతకు వారం ముందే ఆఫీసులో కాయితం రాసిచ్చి వచ్చిన మనిషి!

ఈ సంగతి నాకు ఐదేళ్ళ తరవాత, పోయినేడు వానాకాలంలో తెలిసింది. చెప్పింది పక్క క్వార్టర్ శాంతిప్రియ. ఆమె భర్త ఇమ్మానుయేలు, మా ఆయన తాతబాబు ఒకే గ్యాంగులో రైలు పట్టాల పని చేసేవారు. మాది కొత్తవలస పక్కన పల్లె, వాళ్ళది విజయనగరం వైపు. కొత్తవలస నుంచి ఇనుప గనులకెళ్ళే ఈ రైలు లైను మీద పనికొచ్చి బస్తర్‌లో ఉండిపోయిన మాలాంటి కుటుంబాలు గీదం క్వార్టర్లలో పదో పన్నెండో ఉండేవి.

ఆగస్టు మొదటి వారం. పొద్దున్నే కుళాయి కింద బిందె పెట్టి నిలబడ్డాను. శాంతిప్రియ నవ్వుతూ వచ్చింది.

“వదినా, మిఠాయి ఎప్పుడు పెడతావు? అన్నయ్యకి మళ్ళీ మేస్త్రీ ఆర్డరు వచ్చిందంట కదా. ఈసారి కొత్తవలసకే ఏసేరంట. సొంతూరు!”

సంతోషించాల్సిందాన్ని, ఒక్క మాట దగ్గర ఆగిపోయాను.

“మళ్ళీ ఏటి?”

“అదే, ఇంతకు ముందు రెండుసార్లొస్తే వద్దని రాసిచ్చీసినారు కదా...” అంటూ నా మొహం చూసి ఆగిపోయింది. “ఓలమ్మో. నీకు తెల్దేటి వదినా?”

బిందె నిండి పొర్లిపోతోంది. నేను చూస్తూ నిలబడ్డాను. తొమ్మిదేళ్ళుగా నేను ఆఫీసువాళ్ళని తిట్టని తిట్టు లేదు. ఎవడో అడ్డం పడి మా ఆయన పేరు తప్పిస్తున్నాడని, ఆ చేత్తో అన్నం తినకుండా పోవాలని శాపనార్థాలు పెట్టాను. పాపం, ఆ మనిషెవరో గానీ, కుళాయి దగ్గరే మనసులో లెంపలేసుకున్నాను.

ఎందుకు వద్దన్నాడో నన్నెవరూ అడగక్కర్లేదు. గీదంలో పాలపళ్ళు ఊడని పిల్లాడిని అడిగినా చెబుతాడు. మేస్త్రీ అయితే గీదం వదిలి వేరే ఊరు పోవాలి. నవయువక్ క్లబ్. ఇరవై నాలుగేళ్ళుగా మా ఆయన ఆ ఫుట్‌బాల్ టీముకి స్టాపర్ బ్యాక్. గోలీ ముందు నిలబడి, వచ్చిన బంతినీ వచ్చిన మనిషినీ ఆపడం ఆయన పని. వానలు మొదలైతే ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నిట్లో టోర్నమెంట్లే. గెలిచినవాళ్ళకి మేకపోతు. మంచి ఆటగాడుంటే పక్క టీములవాళ్ళు ఒక్కరోజుకి కిరాయికి పిలుచుకుపోతారు. అక్కడ అందరూ చేసేదే, ఎవరూ తప్పనుకోరు. మా ఇంటి ముందుకి కూడా జీపులొచ్చేవి. ఒకసారి గనుల వైపు నుంచి వచ్చినవాళ్ళు జీపుతోపాటు ఒక మేకని ముందే తెచ్చి మా గుమ్మానికి కట్టారు. మా ఆయన ఆ మేకకి నీళ్ళు పెట్టి, కాస్త ఆకు మేపి, మళ్ళీ జీపెక్కించి పంపాడు. ఆ పూట మా ఇంట్లో వంకాయ కూర. నాకు ఒళ్ళు మండిపోయింది.

మధ్యాహ్నం మూడింటికి డ్యూటీ నుంచి వచ్చాడు. ఆయన కీమాన్. రోజూ తెల్లారగట్లే భుజాన సుత్తి, స్పానరు, ఎర్రజెండా వేసుకుని తన వంతు పట్టా పొడుగునా ఒక్కడే నడవాలి. పట్టాని పట్టి ఉంచే ఇనప కీలు వదులైతే బిగించాలి, పట్టా ఎక్కడైనా పగిలిందేమో చూడాలి. వానైనా ఎండైనా అంతే. వచ్చి బూట్లు విప్పుకుంటుంటే గంజి గ్లాసు చేతికిచ్చి అడిగాను.

“ఏటయ్యా, ఆ వేళ నాతోటి దంతేవాడ ఎందుకు నడిచేవు?”

అంతే. మొత్తం తెలిసిపోయిందని ఆయనకి ఆ ఒక్క ముక్కతో అర్థమైంది. గ్లాసు కింద పెట్టాడు.

“నువ్వొక్కదానివీ అంత దూరం ఎలా ఎల్తావనీ.”

“కొబ్బరికాయ కొట్టి అమ్మవారికి ఏటి సెప్పుకున్నావు మరి?”

“నిజమే సెప్పేను. ఇదొకటి అడుగుతాది, నానొకటి అడుగుతాను, ఆ పైన నీ ఇష్టం తల్లీ అన్నాను.”

నాకు నవ్వొచ్చింది. నవ్వితే ఆ పూటకి ఓడిపోతానని మొహం గోడకి తిప్పేసుకున్నాను.

“ఇరవై నాలుగేళ్ళు కాపురం సేసేను నీతోటి. ఒక్క మాట సెప్పలేకపోయేవా?”

“సెప్తే నువ్వు ఎల్లిపోదాం అంటావు. నువ్వంటే నాను కాదనలేను. అందుకే సెప్పలేదు.” తల దించుకున్నాడు. “ఇక్కడికొచ్చిన ఏడాది మలేరియా వచ్చి పట్టాల పక్కన పడిపోతే మన గోలీ బుధ్రాం ఇంకొకడిని తోడు పెట్టుకుని నన్ను మంచం మీద ఏసుకుని మోసుకెళ్ళేడు కొండమ్మా. నానెవడినో ఆడికి తెల్దు, ఆడి భాష నాకు రాదు. లేచేక నీకేటివ్వను అని వచ్చీరాని హిందీలో అడిగితే ఒకటే అన్నాడు, ఆదివారం మాకు ఒకడు తక్కువయ్యేడు, వస్తావా అని.”

“ఎల్లేవు. ఇరవై నాలుగేళ్ళయినా ఇంకా ఒకడు తక్కువగానే ఉన్నాడా ఆళ్ళకి?”

గ్లాసెత్తి గంజి తాగేశాడు. ఆర్డరు మీద గడువు ఉంది. సెప్టెంబరు రెండో శుక్రవారం లోపల ఒప్పుకుంటాడో లేదో రాసివ్వాలి. ఈ మూడోసారి కూడా కాదంటే ఇంక పిలవరని శాంతిప్రియ అంది. నిజమో కాదో గానీ నేను నమ్మేశాను.

డబ్బు కోసం కాదు నా ఏడుపు. ఆయన మోకాలి కోసం. పన్నెండేళ్ళ కిందట ఆటలోనే ఎడమ మోకాలు బెణికింది. అప్పటినుంచి గుడ్డ కట్టుకోవడం, తైలం రాసుకోవడం, మళ్ళీ ఆడడం. నలభై ఏడేళ్ళొచ్చాయి. మేస్త్రీ అయితే పదిమందితో కలిసి, పని చూసుకుంటూ ఉంటాడు. ఇలా కొండ మలుపుల్లో ఒక్కడూ తిరగక్కర్లేదు. అంత చెప్పినా “ఈ సీజను అవనీ” అని లేచిపోయాడు.

ఆ తరవాతి వారం ఒకరోజు కుండపోత వాన. పన్నెండింటికే ఇమ్మానుయేలు ఆయన్ని భుజం పట్టుకుని నడిపించుకొచ్చాడు. ఒళ్ళంతా బురద, మోచేతులు దోక్కుపోయి రక్తం. సుత్తి లేదు.

“సుత్తి ఏది?” అన్నాను. భయమేస్తే నాకు నోట్లోంచి ఇలాంటి మాటలే వస్తాయి.

“సుత్తి మీదనుంచి బండెల్లిపోయింది వదినా,” అన్నాడు ఇమ్మానుయేలు. ఆయన్ని అరుగు మీద కూర్చోబెట్టాడు. “వాన సప్పుడులో హారను ఇనబడలేదు. సూసేసరికి మలుపులో గూడ్సు వచ్చీసింది. పక్కకి దిగబోతే మోకాలు పట్టీసింది. దొర్లిపోయేడు. డ్రైవరు అంత దూరం అవతల బండాపి, పోయేడనుకుని ఏడుసుకుంటూ ఎనక్కి పరిగెత్తుకొచ్చేడు.”

మా ఆయన నవ్వుతూ, “ఆడికి టీ ఇప్పించవలసొచ్చింది. నాకంటే ఆడే ఎక్కువ బెదిరిపోయేడు,” అన్నాడు.

నేను వేడినీళ్ళు కాచి, బురద కడిగి, గాయాలకి పసుపు పెట్టాను. నాలుగింటికి వాన తెరిపిచ్చింది. చూద్దును కదా, మంచం మీద కూర్చుని మోకాలికి గుడ్డ బిగించి చుట్టుకుంటున్నాడు. ప్రాక్టీసుకి! పొద్దున్న చావు తప్పించుకున్న మనిషి, సాయంత్రం బంతి తన్నడానికి! అప్పుడు తెలిసింది నాకు, ఈయనకి చెప్పి ప్రయోజనం లేదని. చెప్పాల్సినవాళ్ళు వేరే ఉన్నారని.

మర్నాడు ఆయన డ్యూటీకి వెళ్ళగానే షేర్ ఆటో ఎక్కాను. దిగాక వరి గట్ల మీద అరగంట నడక. చెప్పులు బురదలో కూరుకుపోతుంటే చేత్తో పట్టుకుని నడిచాను. వెళ్ళింది బుధ్రాం ఇంటికి. ఒకప్పుడు నవయువక్ క్లబ్ గోలీ ఆయన. ఇప్పుడు టీము కెప్టెన్ ఆయన కొడుకు మంగల్. పాతికేళ్ళు ఉంటాయి. సంతలకి పికప్ బండి నడుపుతాడు. నడక నేర్చిన దగ్గరనుంచీ మా ఆయన వెనకే తిరిగాడేమో, మా శ్రీకాకుళం, విజయనగరం తెలుగు మా పిల్లలకంటే వాడికే బాగా వచ్చు. మా పిల్లలిద్దరూ విశాఖలో చదువులకి పోయి టీవీ తెలుగు నేర్చారు.

ఇంటి ముందు చిత్తడిలో ఏడెనిమిది మంది పిల్లలు బంతాడుతున్నారు. గోండీలో అరుచుకుంటున్నారు, హల్బీలో తిట్టుకుంటున్నారు. మధ్యలో ఒక బక్క పిల్లాడు చెయ్యెత్తి కేకేశాడు.

“ఒగ్గీ! ఒగ్గీ! ఎనకాల సూడు, ఎనకాల!”

నేను నిలబడిపోయాను. ఒగ్గీ అంటే వదిలెయ్యమని. అది మా ఊరి మాట. కొత్తవలస దాటితే సగం ఆంధ్రాకే తెలీదు. మంగల్ వాళ్ళమ్మ నందే మడియా పేజ్, అంటే మన రాగి అంబలి, దొన్నెలో పోసి తెచ్చింది.

“ఈ పిల్లలకి తెలుగెలా వచ్చింది?” అని హిందీలో అడిగాను.

నందే తెల్లబోయింది. “తెలుగు ఎక్కడిది? ఎవరికీ రాదే.”

“ఇప్పుడు ఒగ్గీ అన్నాడు కదా!”

“అది ఫుట్‌బాల్ మాట,” అంది నందే, నాకేమీ తెలీదన్నట్టు నవ్వుతూ. “ఫుట్‌బాల్ ఆడేవాళ్ళంతా అలాగే అంటారు.”

ఆ దొన్నె పట్టుకుని ఆ ముంగిట్లో నిలబడి నేను ఏడ్చాను. సిగ్గు లేకుండా ఏడ్చాను. నా మొగుడి మీద అంత గర్వం నాకు నా జన్మలో కలగలేదు. ఆయన్ని ఈ పిల్లల దగ్గరనుంచి పీక్కుపోవడానికే నేనొచ్చానని గుర్తొచ్చి ఇంకా ఏడుపొచ్చింది. వెనక్కి తిరిగి వెళ్ళిపోదామనిపించింది కూడా. కానీ కళ్ళు మూసుకుంటే ఆ మలుపు, ఆ బండి. పేజ్ తాగేసి మంగల్‌ని పిలిచాను.

“నీతో ఒక మాట ఉందిరా. మీ చాచాని టీములోంచి తీసీ.”

“తీసీడమేటి చాచీ?” వాళ్ళకి చాచా అంటే బాబాయి, చాచీ అంటే పిన్ని.

“బెంచీ మీద కూకోబెట్టు. గ్రౌండులోకి దింపకు. మీకు తను అక్కర్లేదని తెలిస్తేనే ఆ మనిషి కొత్తవలస ఎల్తాడు. లేపోతే ఈసారీ కాదనీసి రాసిచ్చీస్తాడు. నిన్న ఏటయిందో తెలుసు కదా నీకు?”

తెలుసని తలూపాడు. గడపలో బుధ్రాం వెదురు చీలుస్తూ చేపల బుట్ట అల్లుతున్నాడు. మా మాటలు ఆయనకి సగమే తెలిసినా, విషయం తెలిసినట్టే ఉంది. కత్తి ఆపాడు. కొడుకు వైపు చూశాడు. మళ్ళీ చీల్చడం మొదలుపెట్టాడు.

“ఠీక్ హై చాచీ,” అన్నాడు మంగల్. “నువ్వు సెప్పీదాకా చాచాని దింపను. మాట.”

క్వార్టర్ ఫైనలుకి నేనూ వెళ్ళాను. ఆ మైదానానికి ఏడాదికోసారి వెళ్ళేదాన్ని, అదీ మేకపోతు ఆశతో. ఆ రోజు మంగల్ మా ఆయన దగ్గరికెళ్ళి, నేల చూపులు చూస్తూ, “చాచా, ఇవాళ ఆయతుని స్టాపర్‌గా సూద్దాం అనుకుంటున్నాం,” అన్నాడు. ఆయతు పందొమ్మిదేళ్ళ పిల్లాడు, వెదురుగడలా నిటారుగా ఉంటాడు.

“మంచిదే. పొడుగున్నాడు. తలకి బాగా అందుతాది,” అన్నాడు మా ఆయన. అనేసి బెంచీ మీద కూర్చున్నాడు. ఇరవై నాలుగేళ్ళలో మొదటిసారి. బెంచీ అంటే ఏముంది, పక్క హోటలు నుంచి తెచ్చిన చెక్క బల్ల. జెర్సీ వేసుకుని, బూట్లు కట్టుకుని, మోకాలికి గుడ్డ చుట్టుకుని, చేతులు తొడల మీద పెట్టుకుని కూర్చున్నాడు. బడిలో పేరు పిలుస్తారేమోనని చూసే పిల్లాడిలా ఉన్నాడు. నేను చూడలేకపోయాను. హాఫ్ టైములో మాత్రం నీళ్ళ క్యాను మోసుకుంటూ పరిగెత్తాడు. ఆయతు ముందు గొంతుక్కూర్చుని, బురదలో వేలితో ఏదో గీసి చూపించాడు.

గెలిచారు. సెమీ ఫైనలు కూడా గెలిచారు. ఆయన లేకుండా! ఓడిపోతే పాపం నాది అని భయపడ్డాను గానీ, గెలిచినందుకు ఇంకా ఎక్కువ బాధ కలిగింది. నాకే వింతగా ఉండేది. ఇంటికొచ్చి ఆయన ఆ జెర్సీ సబ్బు పెట్టి ఉతికి తీగ మీద ఆరేసేవాడు.

“మట్టే అవలేదు కదా. ఎందుకు ఉతుకుతావు?”

“కూకుంటే సెమట పట్టదేటి?” అనేవాడు.

ఆ నెలంతా మా ఇంట్లో మాటలు ఇంతే. ఆయన నామీద కోపంగా లేడు. మంగల్ మీద కోపంగా లేడు. రోజూ ప్రాక్టీసుకి వెళ్ళి ఆయతుకి నేర్పి వచ్చేవాడు. నాకు మాత్రం అన్నం సయించేది కాదు. ఎన్నోసార్లు చెప్పేద్దామని నోరు తెరిచి, కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగాను.

శుక్రవారం వచ్చింది. ఆఫీసుకెళ్ళి వచ్చాడు.

“కాయితం ఇచ్చీసేవా?”

“ఇచ్చీసేను.”

“ఏటని రాసేవు?”

“ఎల్లుండి ఫైనలవనీ. అప్పుడు సెప్తాను,” అన్నాడు. ఇంక ఎంత గీపెట్టినా చెప్పలేదు. ఒప్పుకుని ఉంటే చెప్పడానికి ఏం రోగం? మళ్ళీ వద్దనే రాసి ఉంటాడు, ఈ మనిషి మారడు అని నేను తేల్చేసుకున్నాను. ఆ రెండు రోజులూ ఆయన మొహం చూడాలంటేనే భయం వేసింది. కోపం కూడా రాలేదు, ఒట్టి భయం.

ఆదివారం ఫైనలుకి గీదం మొత్తం కదిలొచ్చింది. సంత రోజు కూడా అంత జనం ఉండరు. అవతల గనుల వైపు టీము. నలుగురు కిరాయి ఆటగాళ్ళని తెచ్చుకున్నారు. ఆడవాళ్ళం ఒక పక్కన టార్పాలిన్ కింద కూర్చున్నాం. శాంతిప్రియ నా చెయ్యి పట్టుకునే ఉంది. హాఫ్ టైముకి ముందే మంగల్ గోలు కొట్టాడు. ఒకటి సున్నా. మైదానం హోరెత్తిపోయింది. మా ఆయన బల్ల మీద నుంచి లేచి, చప్పట్లు కొట్టి, మళ్ళీ కూర్చున్నాడు.

ఇంకో పదకొండు నిమిషాలుందనగా ఆయతు పైకెగిరి బంతిని తలతో కొట్టి, కింద పడ్డప్పుడు చీలమండ మడత పడింది. లేవలేకపోయాడు. మోసుకొచ్చి పక్కన పడుకోబెట్టారు. రిఫరీ విజిలేసి, ఎవరినో ఒకరిని తొందరగా దింపమన్నాడు. అందరి కళ్ళూ బల్ల వైపు తిరిగాయి. మా ఆయన అప్పటికే లేచి నిలబడి ఉన్నాడు.

మంగల్ బల్ల వైపు వెళ్ళలేదు. మైదానానికి అడ్డంగా పరిగెత్తుకుంటూ ఆడవాళ్ళ టార్పాలిన్ దగ్గరికొచ్చాడు. నా ముందు ఆగాడు. చెమట, బురద, రొప్పు. వెయ్యిమంది చూస్తున్నారు.

“చాచీ,” అన్నాడు. “దింపనా?”

ఇచ్చిన మాట! వీడి మొహం మండ, అంత మందిలో వచ్చి అడుగుతాడా ఎవడైనా! గుట్టుగా దింపేసి తరవాత చెప్పుకోవచ్చు కదా? ఇంకెవరైనా అయితే అదే చేసేవారు. వీడికి ఆ ఆలోచనే రాలేదు. నువ్వు సెప్పీదాకా అన్నాడు, నేను చెప్పాలి. అంతే వాడికి తెలిసింది. శాంతిప్రియ నా చెయ్యి వదిలేసి నా మొహంలోకి చూసింది. అవతల గట్టు నుంచి మా ఆయన కూడా నన్నే చూస్తున్నాడు. రిఫరీ రెండోసారి విజిల్ ఊదాడు.

ఒక్క కాగితం ముక్క రాయించడానికి నెల రోజులు ఏడిపించాను ఆ మనిషిని. వద్దనే రాసి ఉంటాడు, అయినా సరే. ఆ ఘడియలో నాకు మోకాలు గుర్తు రాలేదు, బండి గుర్తు రాలేదు. ఉతికిన జెర్సీనే ఉతుక్కున్న మనిషి గుర్తొచ్చాడు.

“ఇంకా నిలబడి సూస్తావేట్రా? పంపు!” అని అరిచాను.

దిగాడు. జనం ఆయన పేరు పెట్టి అరిచారు, గోండీవాళ్ళూ, హల్బీవాళ్ళూ, సంతలో కూరగాయలమ్మే వాళ్ళూ, అందరూ. ఎనిమిది నిమిషాలు బాగానే ఆడాడు. రెండుసార్లు కిరాయి ఫార్వర్డు కాళ్ళ కింద నుంచి బంతిని లాగేశాడు. తరవాత ఎడమ పక్కనుంచి ఒక పొడుగు బంతి వచ్చింది. ఆయన ముందే చూశాడు, అందరికంటే ముందే తిరిగాడు. రెండడుగులు వేశాడు. మూడో అడుగు పడలేదు. ఆ కిరాయి కుర్రాడు పక్కనుంచి దాటుకుని వెళ్ళి గోల్లోకి కొట్టాడు. ఒకటి ఒకటి. టైబ్రేకర్‌లో మావాళ్ళు ఓడిపోయారు. మేకపోతుని గనులవాళ్ళు జీపెక్కించారు.

ఎవరూ ఆయన్ని ఒక్క మాట అనలేదు. ఆయతు కుంటుతూనే వచ్చి పక్కన కూర్చున్నాడు. బుధ్రాం వచ్చి, నేల మీద కూలబడి, మా ఆయన కాళ్ళు తన ఒళ్ళో పెట్టుకుని బూట్ల తాళ్ళు విప్పాడు. మోకాలు వాచి మడత పడడం లేదు, తనంతట తను విప్పుకోలేడు.

పొద్దు వాలుతుంటే నా భుజం మీద చెయ్యేసి నడుస్తున్నాడు. స్టేషన్ రోడ్డు దాకా ఎలాగో వచ్చాను. ఇంక నా వల్ల కాలేదు.

“నానే మంగల్ దగ్గరికెల్లి అడిగేను. నిన్ను దింపొద్దని.”

“తెలుసు.”

“ఆడొచ్చి అందరి ముందూ అడిగేడు కాబట్టి తెలిసింది.”

“కాదు. నువ్వు తిరిగి ఆటో ఎక్కీలోపలే ఆడు నాకు ఫోను సేసీసినాడు. చాచీకి మాటిచ్చీసేను, ఇప్పుడేటి సెయ్యనూ అని ఒకటే ఏడుపు. మాటిచ్చేవు కదా, నిలబెట్టుకో అన్నాను.”

నేను రోడ్డు మధ్యలో ఆగిపోయాను. “నెల్లాళ్ళు తెలిసే కూకున్నావా ఆ బల్ల మీద?”

“అంత బురదలో సెప్పులు సేత్తో పట్టుకుని ఎల్లేవంట కదా. నందే సెప్పింది.” నా భుజం మీద చెయ్యి సర్దుకుని అన్నాడు, “దేవుళ్ళని అడిగేవు, అమ్మవార్లని అడిగేవు, మంగల్‌ని అడిగేవు. నన్ను అడగొచ్చు కదే ముందే.”

“అడగడానికి అక్కడేటుందో నాకు తెలిస్తే కదా! తొమ్మిదేళ్ళు దాచింది నువ్వా నానా?”

“అదీ నిజమే,” అన్నాడు.

“మరా కాయితంలో ఏటి రాసేవు?”

“ఒప్పుకున్నాననే రాసేను. ఫైనల్ ముందు తెలిస్తే పిల్లలు ఆట మీద మనసు పెట్టరు. నీ నోట్లో మాట ఆగదు కదా, అందుకే సెప్పలేదు.”

తొమ్మిదేళ్ళుగా కోరుకున్న మాట అది. విన్నాక నా నోట్లోంచి ఏం వచ్చిందో తెలుసా? “ఎందుకు రాసేవు! రేపెల్లి ఎనక్కి తెచ్చీ!” అని అరిచాను. రోడ్డు మీద పోయేవాళ్ళు తిరిగి చూశారు. మా ఆయన పకపకా నవ్వాడు. ఆ సీజను మొత్తంలో ఆయన అలా నవ్వడం అదే మొదలు.

“ఆ గోలు సూసేవు కదా కొండమ్మా. బంతి ఎక్కడికొస్తాదో తెలిసింది. కాలు రాలేదు. నాకిది ముందే తెలుసు.”

“తెలిస్తే మరెందుకు దిగేవయ్యా?”

“నువ్వు పంపేవు కదే,” అన్నాడు.

అక్టోబరులో వచ్చేశాం. ఇప్పుడాయన కొత్తవలసలో గ్యాంగు మేస్త్రీ. మోకాలు నయమే, మెట్లెక్కుతున్నాడు. ఆదివారం సాయంత్రాలు మంగల్ ఫోన్ చేసి, ఎన్ని గోల్స్, ఎవడు ఎలా ఆడాడు అన్నీ చెబుతాడు. ఆ ఫోను పెట్టేశాక ఈయన అన్నం తింటాడు, గెలిస్తే రెండు ముద్దలు ఎక్కువ.

మొన్న జూలైలో నలుగురు కుర్రాళ్ళు మా క్వార్టర్‌కి వచ్చారు. ఇక్కడి టీమువాళ్ళు.

“మేస్త్రీ గారు బస్తర్‌లో పెద్ద ప్లేయరంట కదండీ,” అన్నాడు అందులో పెద్దవాడు. “నలభై దాటినోళ్ళ మ్యాచ్ పెట్టేం ఆదివారం. ఒక్కటే మ్యాచ్. పరిగెత్తక్కర్లేదు, ఊరికే నిలబడితే సాలు. జెర్సీ కూడా తెచ్చేమండి.”

నీలం రంగు జెర్సీ నా చేతికిచ్చాడు. మంచి గుడ్డ. లోపల మంచం చప్పుడైంది. మా ఆయన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఆ పిల్లాడి చంకలో బంతి ఉంది. ఆయన ఆ బంతినే చూస్తున్నాడు. తరవాత నన్ను చూశాడు. ఇరవై అయిదేళ్ళ కాపురం, ఆ చూపు నాకు తెలీదా? నేను ఊఁ అంటే ఈ ఆదివారమే దిగిపోతాడు. ఒక్క మ్యాచే, ఎవరికీ నష్టం లేదు, గీదంలో ఎవరికీ తెలియను కూడా తెలీదు.

నేను ఆ జెర్సీని మడత నలక్కుండా ఆ పిల్లాడి చేతిలో తిరిగి పెట్టాను.

“ఏటనుకోకు బాబూ,” అన్నాను. “మా ఆయన గీదం ప్లేయరు. ఇంకో టీముకి ఆడడు.”